సెకనుకు 7 సెంటీమీటర్ల మహాసంగ్రామం

అవతారిక

కొట్టినవాళ్ల కథలు మనకు కొల్లలు. హరవిల్లు ఫెళ్లున విరిచినవాడికి కావ్యం, తొడ విరగ్గొట్టినవాడికి పర్వం, రొమ్ము చీల్చినవాడికి స్తంభంలోంచి వెలువడే ఘట్టం, ఏడు తాడిచెట్లను ఒక్క కోలతో కూల్చినవాడికి జయజయధ్వానాలు. గదాఘాతానికి సీసమాలికలు, శరపరంపరకు మత్తేభాలు, రథచక్రాల ఘర్ఘరారావానికి గుక్క తిప్పుకోనివ్వని వచనాలు. విరగాలి, పగలాలి, కూలాలి. అప్పుడే గంటం కదిలేది. మరి కొట్టగలిగీ కొట్టక, గుద్దగలిగీ గుద్దక, వాకిలి దాకా వచ్చి వేలికొసతో తాకినంత మెత్తగా ఆగినవాడి మాటేమిటి? పాపం, వాడి పేర ఒక్క కందపద్యమైనా పడలేదు.

ఆ బాకీ తీర్చదగిన మహానాయకుడు ఒకడు అవతరించాడు. బయలుదేరేనాటికి బరువు 19 టన్నుల పైచిలుకు. వృత్తి సరుకుల రవాణా. యుద్ధభూమి నేలకు దాదాపు 340 కిలోమీటర్ల ఎత్తున, నేలన్నదే లేని చోట. యుద్ధదినం 2008 ఏప్రిల్ 3, గురువారం. శత్రువు తొందరపాటు. ఆయుధం ఓర్పు. సాధించవలసిన ఘనకార్యం, గరాటు ఆకారంలో ఉన్న ఒక గుంటలోకి ఒక కడ్డీ కొసను మెల్లగా దూర్చడం. కావ్యానికి ఇంతకు మించిన వస్తువు ఎక్కడ దొరుకుతుంది? రసజ్ఞులారా, సర్దుకుని కూర్చోండి.

పురవర్ణన

ప్రబంధానికి పద్ధెనిమిది వర్ణనలు కావాలన్నారు పెద్దలు. నగరంతో మొదలుపెడదాం.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమనే ఆ మహానగరానికి కోటగోడ లేదు, కొత్తళం లేదు. అపారాంధకార గగనమహార్ణవమే దానికి అగడ్త, నక్షత్ర సహస్రమే దానికి దివిటీల వరుస, సూర్యకిరణాలను ఒడిసిపట్టే సౌరఫలకాలే దానికి ధ్వజపతాకలు. పదిహేను దేశాలు ఒక్కటై, ముక్క తరువాత ముక్కను పైకి మోసి, ఒకదానికొకటి తగిలించి నిలబెట్టిన పురమది. పూర్వం మయుడు కట్టిన త్రిపురాలు ఆకాశంలో సంచరించేవనీ, వెయ్యేళ్లకోసారి ఒక వరుసకు వచ్చేవనీ, ఆ క్షణం కోసం కాచుకున్న శివుడు ఒక్క బాణంతో భస్మం చేశాడనీ విన్నాం. ఈ పురం గంటన్నరకోసారి భూమండలాన్ని ప్రదక్షిణం చేస్తుంది. దీన్ని వరుసలో పట్టుకోవలసిన అవసరం కూల్చడానికి కాదు, ఉప్పూ పప్పూ అందించడానికి. రెండింట్లో ఏది కష్టమో వంట చేసేవాళ్లనడగండి.

ఇక సూర్యోదయ వర్ణన అంటారా? అక్కడ రోజుకు దాదాపు పదహారు ఉదయాలు, పదహారు అస్తమయాలు. అరుణకాంతి మీద పద్యమెత్తుకుంటే మొదటిపాదం ముగిసేలోగా మిట్టమధ్యాహ్నం. యతి కుదిరేలోగా సంధ్య. ప్రాస వెతుక్కునేలోగా అర్ధరాత్రి. ఎంతటి ఆస్థానకవికి ఆ కొలువిచ్చినా వారం తిరక్కుండా కుండలాలు అప్పగించి దిగివచ్చేస్తాడు.

ఇంతటి మహానగరంలో ఆనాటి పౌరసందోహం ఎంతంటే, ముగ్గురు. ఏలిక పెగ్గీ విట్సన్. ఆ కేంద్రానికి నాయకత్వం వహించిన తొలి మహిళ. ద్వారరక్షకుడు యూరి మలెంచెంకో. మూడోవాడు గారెట్ రైస్‌మన్, కిందటి నెలలోనే వచ్చి చేరినవాడు. జనాభా లెక్కలు అంతటితో సమాప్తం.

ఆ పురానికి బావి లేదు, సంత లేదు, చాకిరేవు లేదు. మేజోడు మాసిందా, ఉతకడమన్నది లేదు; కొత్తది తొడుక్కోవాలి, పాతది పారేయాలి. తాగే నీరు, పీల్చే ఊపిరి, తినే ముద్ద, తొడిగే బనీను, అన్నీ భూలోకం పంపవలసిందే. పైగా, ఆ ఎత్తున కూడా పీచుపీచుగా మిగిలి ఉన్న గాలి రాపిడికి పురం రోజూ ఇంచుక ఇంచుక కిందికి జారుతూ ఉంటుంది. ఎవరో ఒకరు వచ్చి వెనకనుంచి భుజం పెట్టి పైకి నెట్టాలి. కనుక ఆ పురజనులు ఎదురుచూసేది దిగ్విజయం చేసి వచ్చే చక్రవర్తి కోసం కాదు. నీళ్లు మోసుకొచ్చే, మేజోళ్లు తెచ్చే, పనిలో పనిగా ఊరిని కాస్త ఎత్తిపెట్టే పుణ్యాత్ముడి కోసం.

నాయకవర్ణన

అదిగో ఆ పుణ్యాత్ముడు. నామధేయం జూల్ వెర్న్. వంశం ఐరోపా అంతరిక్ష సంస్థ వారి స్వయంచాలిత సరుకునౌకల వంశం. ఆ వంశానికి ఇతడే ప్రథమ సంతానం. దేహం పది మీటర్ల పొడుగు, నాలుగున్నర మీటర్ల అడ్డుకొలత. స్తంభమంత నిటారు, ఏనుగంత ఠీవి. భుజాల నుంచి నాలుగు దిక్కులకూ విచ్చుకున్న నాలుగు రెక్కలు, కొసనుంచి కొసకు 22 మీటర్లు. అమృతభాండం తేబోయే గరుత్మంతుడికి రెండే రెక్కలుండెనని ఇక్కడ జ్ఞాపకం చేసుకోవడం అవసరం. ఒంటినిండా 28 చిన్న థ్రస్టర్లు, వెనక నాలుగు పెద్ద ఇంజన్లు. ముక్కున ముందుకు చొచ్చుకొచ్చిన ఒకే ఒక్క కడ్డీ, ఏకదంతుడి దంతంలాగా.

ఈ రథానికి రథికుడు లేడు, సారథి లేడు. పార్థుడి సందేహమూ లేదు, పార్థసారథి ఉపదేశమూ లేదు. లోపల మూడు కంప్యూటర్లు మంత్రులై కూర్చుని, ప్రతి లెక్కనూ ముగ్గురూ విడివిడిగా వేసి, ఒకడి మాట తేడా వస్తే తక్కిన ఇద్దరి మాటే చెల్లుబాటు చేస్తారు. వాళ్లను నమ్మకుండా పక్కగదిలో మరో కంప్యూటర్ కాపలా. ఆ ముగ్గురూ కలిసి అపాయంలోకి నడిపిస్తున్నారనిపిస్తే, సలహా అడగకుండా, సభ తీర్చకుండా, రథాన్ని వెనక్కి మళ్లించే అధికారం దానిది. ఇటువంటి నాలుగో మంత్రి ఒకడు హస్తినాపురంలో ఉండి ఉంటే పదమూడేళ్ల అరణ్యాజ్ఞాతవాసాలు తప్పిపోయేవి.

పేరు పెట్టడంలోనూ ఔచిత్యముంది. 1865లో జూల్ వెర్న్ మహాశయుడు భూమి నుంచి చంద్రుడి దాకా ప్రయాణాన్ని నవలగా రాశాడు. అందులో మనుషులను భారీ ఫిరంగిలో కూరి చంద్రుడి మీదికి పేల్చాడు. పేల్చడం ఆయనకూ వచ్చు. ఆగడం ఆయనా రాయలేదు. ఆ లోపం సవరించడానికే కాబోలు, ఆయన స్వహస్తంతో రాసిన రెండు పత్రాలను, ఆ నవల పాత సచిత్ర ప్రతినొకదాన్ని ఈ నౌక గర్భంలో పెట్టి మరీ పంపారు.

ప్రయాణం

2008 మార్చి 9. దక్షిణ అమెరికా ఈశాన్య తీరాన ఫ్రెంచి గయానాలోని కురూ. నడిరేయి దాటి ఒంటిగంట. కీచురాళ్ల రొద ఒకవైపు, అట్లాంటిక్ అలల ఘోష మరొకవైపు. ఆ రెంటినీ మింగేస్తూ, కల్పాంత మేఘగర్జనలను కారాగారంలోంచి ఒక్కసారిగా విడిచినట్టు, ఏరియన్-5 రాకెట్టు భుగభుగ భుగభుగ మండి, భళ్లున పగలు పుట్టించి, నింగికెగసింది. అడవిలోని పక్షులు తెల్లవారిందని భ్రమసి లేచి, తెల్లవారలేదని తెలుసుకుని విసుక్కుని మళ్లీ పడుకున్నాయని కవిసమయం.

నింగికెగసిన గంటల్లోనే విఘ్నం. ఇంజన్లను నడిపే నాలుగు ఎలక్ట్రానిక్ విభాగాల్లో ఒకటి, పీడనం తేడా చూసి అలిగి, కోపగృహంలోకి వెళ్లి తలుపేసుకుంది. ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో ఉన్న నియంత్రణ కేంద్రం నుంచి పెద్దలు బతిమాలారు, బుజ్జగించారు, చివరికి సమస్త యంత్రజాతికీ పనికొచ్చే ఆ దివ్యౌషధాన్నే ప్రయోగించారు: ఆపి, మళ్లీ వేశారు. అలక తీరింది.

ఆ తరువాత నిరీక్షణ. పురద్వారం దగ్గర వేరే ఊరేగింపు నడుస్తోంది. ఎండీవర్ స్పేస్ షటిల్ ఏడుగురు వ్యోమగాములతో, జపాన్ వారి కిబో ప్రయోగశాల తొలిభాగంతో, కెనడా వారి రెండు చేతుల రోబోతో మంగళవాద్యాలు మోగించుకుంటూ వచ్చి తిష్ఠవేసింది. ఒక వీధిలో రెండు పల్లకీలు పోవడం మర్యాద కాదు. అందుచేత మన నాయకుడు 2,000 కిలోమీటర్ల దూరాన, ఒంటరిగా, అలగకుండా, ఎవరినీ ఫోన్లు చేసి విసిగించకుండా, అదే వేగంతో అదే భూమి చుట్టూ తిరుగుతూ వేచి ఉన్నాడు. మార్చి 26న షటిల్ నేలకు దిగేదాకా అదే తపస్సు. పెళ్లివారింటి ముందు అరగంట ఆగవలసి వస్తే ముఖం మాడ్చుకునే మానవులారా, దీన్ని ధీరోదాత్త లక్షణం అంటారు.

పూర్వకథ

ఇంత జాగ్రత్త దేనికని ఎవరైనా అడగవచ్చు. పురాణంలో ప్రతి జాగ్రత్త వెనకా ఒక శాపం ఉంటుంది.

రష్యావారి ప్రోగ్రెస్ నౌకలు ఈ విద్యకు కులగురువులు. 1978 జనవరి 22న తొలి ప్రోగ్రెస్ వెళ్లి సల్యూత్-6 కేంద్రాన్ని తాకి, రొమనెంకో, గ్రెచ్కో అనే ఇద్దరు వ్యోమగాములకు ఇంధనమూ ఆహారమూ అందించింది. మనిషి లేకుండా సరుకు తానే దారి వెతుక్కుంటూ పోయి గుమ్మం తట్టడం అదే మొదలు. కానీ గురువులకూ కాలు జారుతుంది. 1997 జూన్ 25న, మీర్ కేంద్రం దగ్గరకు ప్రోగ్రెస్ ఎం-34 వచ్చింది. లోపల కూర్చుని దూరంనుంచి దాన్ని నడిపించే పరీక్ష జరుగుతోంది. రావలసిన వేగానికి మించి వచ్చింది, తిరగవలసిన చోట తిరగలేదు, స్పెక్తర్ అనే గదిని ఢీకొంది. గోడకు చిల్లు పడింది. గాలి బుస్సుమంటూ బయటికి పోతుంటే ముగ్గురు వ్యోమగాములు, తలుపుకు అడ్డంగా పోతున్న తీగలను తెగ్గోసి, ఆ గదిని మూసేసి ప్రాణాలు దక్కించుకున్నారు. యుద్ధంలో గుద్దినవాడు వీరుడు. ఆ లోకంలో గుద్దినవాడు ఉపద్రవం.

ద్వారరక్షకుడు మలెంచెంకోకు ఈ సంగతి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 1994లో, ఆయన మీర్‌లో ఉండగానే, ప్రోగ్రెస్ ఎం-24 మొదటిసారి గురి తప్పింది, రెండోసారి వచ్చి కేంద్రాన్ని తగిలి వెనక్కి పోయింది. సెప్టెంబరు 2న, మూడో ప్రయత్నంలో, కేంద్రంలో కూర్చునే నియంత్రణ పిడులు పట్టుకుని, తెరమీది బొమ్మ చూస్తూ, ఆ మదపుటేనుగును మావటివాడై మెల్లగా కట్టుకొయ్యకు చేర్చినవాడు ఈ మలెంచెంకోయే. పద్నాలుగేళ్ల తరువాత అదే మనిషి ఇప్పుడు ఈ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఏ కథకుడూ ఇంతకంటే మంచి ద్వారపాలకుణ్ణి కల్పించలేడు.

విద్యాభ్యాసం

అభిమన్యుడికి పద్మవ్యూహంలో దూరడం తెలుసు, బయటికి రావడం తెలియదు. జూల్ వెర్న్‌కు ముందుగా వెనక్కి రావడమే నేర్పారు.

దూరంగా వేచి ఉన్న రోజుల్లోనే తప్పించుకునే విన్యాసం సాధన చేయించారు. మార్చి 29న మూడున్నర కిలోమీటర్ల దాకా రప్పించారు. అక్కడ, అంతా సవ్యంగా ఉండగానే, పారిపొమ్మన్నారు. పారిపోయాడు. మార్చి 31న మళ్లీ రప్పించారు. ఈసారి 11 మీటర్ల దాకా వచ్చాడు. పదకొండు మీటర్లు! ద్వారం కంటికెదురుగా ఉంది, కడ్డీ సిద్ధంగా ఉంది, వాకిట్లో విట్సన్, మలెంచెంకో కళ్లు విప్పార్చుకుని చూస్తున్నారు, లోకమంతా ఊపిరి బిగబట్టింది. అప్పుడు ఆజ్ఞ వచ్చింది: వెనక్కి పో.

ఏ క్షత్రియుడైనా ఆ మాటకు మీసం దువ్వి, తొడ చరిచి, ‘వెన్ను చూపుట మా వంశమందు లేదు’ అని గర్జించి నాశనమై ఉండేవాడు. మన నాయకుడు మీసం లేనివాడు. మారు మాట్లాడక, థ్రస్టర్లను తుస్సు తుస్సుమనిపించి, వచ్చిన దారినే, వచ్చినంత మర్యాదగా వెనక్కి నడిచాడు. ఆ వెనుకంజను చూసి తులూజ్ సభాసదులు చప్పట్లు కొట్టారు. పలాయనానికి పట్టాభిషేకం జరిగిన ఏకైక యుద్ధమది. ద్వారరక్షకుల ముందున్న ఆజ్ఞాఫలకం మీద కూడా ‘కొట్టు’, ‘నరుకు’, ‘దూకు’ అన్న మీటలు లేవు. ఆగమనడానికొకటి, తగ్గమనడానికొకటి, అన్నిటికీ మించి ఒక ఎర్రబటన్. అది నొక్కితే నౌక సర్వమూ విడిచి దూరంగా తొలగిపోవాలి. అంతటి బ్రహ్మాస్త్రం పక్కనే వేలు పెట్టుకుని, దాన్ని నొక్కకుండా ఉండడమే వాళ్ల పరాక్రమం.

సంగ్రామం

వచ్చింది ఏప్రిల్ 3.

తులూజ్‌లో ఒక సభ, మాస్కో చెంత మరో సభ, హ్యూస్టన్‌లో ఇంకో సభ. మూడు దేశాల కళ్లు తెరలకు అతుక్కున్నాయి. వెనుక ద్వారం గుండా ప్రవేశం. మహానాయకుడికి పెరటి గుమ్మమా అని సందేహించకండి. జ్వెజ్దా గదికి వెనకనున్న ఆ గుమ్మంలోనే ఇంధనం పోసే గొట్టాలున్నాయి, ఊరిని వెనకనుంచి నెట్టడానికి అనువైన చోటూ అదే. పనికొచ్చేవాడు పెరటి గుమ్మంలోంచే వస్తాడు, సింహద్వారాలు ఉపన్యాసకులకు.

నగరమూ నాయకుడూ ఇద్దరూ గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతున్నారు. కన్ను మూసి తెరిచేలోగా ఊళ్లు దాటుతున్నాయి, ఊపిరి పీల్చి వదిలేలోగా నదులు దాటుతున్నాయి, కబురు చెప్పేలోగా దేశాలు దాటుతున్నాయి. ఆ మహావేగం ఇద్దరిదీ ఒకటే గనుక, ఒకరికొకరు నిశ్చలులు. కాళ్ల కింద భూగోళం ప్రళయకాల ప్రభంజనంలా తిరుగుతుంటే, ఆ ఇద్దరి నడుమ మాత్రం తపోవనం లాంటి నెమ్మది.

మూడున్నర కిలోమీటర్ల నుంచి ఉపగ్రహాల సంకేతాలు పోల్చుకుంటూ వచ్చాడు. 249 మీటర్ల దగ్గర ఆగాడు. అక్కడినుంచి ఉపగ్రహాల సాయం చాలదు, చూపుతోనే పోవాలి. కళ్లు తెరిచాడు. ఆ కళ్ల మహిమ ఏమని చెప్పను! ద్రుపదుడి సభలో అర్జునుడు పైన తిరిగే చేపను చూడలేదు. కింద నీటిలో దాని ప్రతిబింబం చూసి కొట్టాడు. ఇతడూ అంతే. లేజర్ వెలుగును ముందుకు విసిరి, పురద్వారం చుట్టూ అమర్చిన చిన్న చిన్న అద్దాల మీదినుంచి తిరిగివచ్చే ప్రతిఫలనాన్ని పట్టి, ఆ చుక్కల అమరికను బట్టి ఎంత దూరమో, ఎటు వాలి ఉందో లెక్క కడతాడు. ఆ కళ్లను నమ్మకుండా వాటికి మరో జత కళ్లు కాపలా; అవి సెకనుకు పదివేల మార్లు లేజర్‌ను మిణుకుమనిపించి మరీ దూరాన్ని సరిచూస్తాయి. అర్జునుడు ప్రతిబింబాన్ని చూసింది కొట్టడానికి. ఇతడు చూసింది తాకడానికి. అర్జునుడికి ఒక్క క్షణం చాలింది. ఇతడికి ప్రతి క్షణమూ అదే పరీక్ష.

19 మీటర్లు. ఆగాడు. ఆగమనగానే ఆగడమెంత గొప్పో మార్గమధ్యంలో మీకు బోధపడే ఉంటుంది. అన్నీ సవ్యమేనా అని తులూజ్ అడిగింది, సవ్యమే. మళ్లీ కదిలాడు. 11 మీటర్లు. మళ్లీ ఆగాడు. మొన్న ఇక్కడినుంచే వెనక్కి పంపారు. ఈసారి ఏమంటారో? ముందుకే, అన్నారు.

కదిలాడు. సెకనుకు 7 సెంటీమీటర్లు. నిద్రపోయిన పసిపాపను ఒడిలోంచి ఉయ్యాలలోకి దించే అమ్మమ్మ చేతుల్లో ఉండే వేగమది. 19 టన్నుల దేహం, నాలుగు రెక్కలు, నాలుగు మహాయంత్రాలు, ఇరవై ఎనిమిది ఉపయంత్రాలు, ముగ్గురు మంత్రులు, ఒక కావలి, అన్నీ కలిసి ఏడంటే ఏడు సెంటీమీటర్లు కదిలి, మరో సెకనుకు మరో ఏడు. ఐరావతం నడకకు మందగమనమని పేరు పెట్టిన కవులు సిగ్గుతో తలవంచుకోవలసిన మందగమనం. అటు ఒక తుస్సు, ఇటు ఒక తుస్సు. కాస్త కుడికి, కాస్త ఎడమకు, మళ్లీ నడుమకు. ఆ లెక్కన చివరి 11 మీటర్లకు రెండున్నర నిమిషాలకు పైగా పడుతుంది. ఆ రెండున్నర నిమిషాల్లో ఇద్దరూ కలిసి భూమి మీదుగా దాటిపోయే దూరం 1,200 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఢిల్లీ దాకా ఇంచుమించు అంతే. ఢిల్లీ దాకా పరుగెత్తుతూ, పదకొండు మీటర్ల గది దాటడం! ఇందులో ఏది వేగం, ఏది నిదానం? శాస్త్రజ్ఞులు సాపేక్షమన్నారు, మనం రసమందాం.

పది మీటర్లు. తెరమీద మలెంచెంకో చూస్తున్నాడు. గుర్తుకు గుర్తు కలుస్తోంది. ఎనిమిది. విట్సన్ చూస్తోంది; ఎర్రబటన్ అక్కడే ఉంది. ఆరు. మూడు దేశాల్లో ఎవరూ కాఫీ తాగడం లేదు. నాలుగు. నాయకుడి ముక్కున కడ్డీ మెరుస్తోంది, ఎదుట శంఖాకారపు గుంట నోరు తెరిచింది. మూడు. రెండు. ఒకటి.

గ్రీనిచ్ కాలమానంలో మధ్యాహ్నం 2 గంటల 45 నిమిషాలు. మన దేశంలో రాత్రి 8 గంటల 15 నిమిషాలు. తెలుగు ఇళ్లలో కంచాలు పెట్టే వేళ. సరిగ్గా ఆ వేళకు, ఆకాశంలో, కడ్డీ కొస గుంట అంచును తాకి, జారి, నట్టనడి గాడిలోకి ఒదిగి, క్లిక్కుమంది.

ఆ శూన్యంలో ఆ క్లిక్కును మోయడానికి గాలి లేకపోయింది. దేవదుందుభులు మోగలేదు, పుష్పవృష్టి కురవలేదు, భూమి కంపించలేదు, దిగ్గజాలు ఘీంకరించలేదు. గోడ బీటవారలేదు, గాజు పగలలేదు, ఒక్క మర కూడా ఊడలేదు. ఏమీ జరగకపోవడమే విజయం. ఏమీ విరగకపోవడమే విజయపతాక. కడ్డీ మెల్లగా లోపలికి ముడుచుకుంది, నాయకుడి ముఖం నగర ముఖానికి చేరువైంది, చుట్టూ ఉన్న కొక్కేలు ఒక్కుమ్మడిగా బిగుసుకున్నాయి. తులూజ్‌లో మాత్రం కుర్చీలు కదిలాయి, చేతులు కలిశాయి, కేకలు మిన్నుముట్టాయి. ఐరోపా నౌక మనిషి చేయి తగలకుండా, తనంత తానే అంతరిక్ష కేంద్రం గుమ్మం చేరడం అదే ప్రథమం.

ప్రవేశం, భాండాగార వర్ణన

తలుపు తీశారు. రసజ్ఞులారా, ఇప్పుడు కొల్లగొట్టిన ధనరాశుల వర్ణన. ద్వారకలో, లంకలో, అమరావతిలో ఉన్న మణిమాణిక్యాలు పక్కన పెట్టండి.

తాగునీరు 270 కిలోలు: భగీరథుడు తలకిందులుగా తపస్సు చేసి కిందికి దింపిన గంగను, ఈసారి కిందినుంచి పైకెక్కించారు. ఆక్సిజన్ 21 కిలోలు: వాయుదేవుణ్ణి తొట్టెలో పట్టి తూకం వేశారు. కేంద్రం ఇంజన్ల కోసం ఇంధనం 856 కిలోలు. ఇవిగాక టన్నుకు మించిన పొడి సరుకు: తిండి, బట్టలు, పరికరాలు, విడిభాగాలు. మడత విప్పని మేజోడు, గాలి చొరని పొట్లంలోని కూర, బిగింపు పోయిన మర స్థానంలో కొత్త మర. వజ్రం ఎవరికి కావాలి? అక్కడ కొత్త మేజోడే కౌస్తుభం.

ఆ తరువాత ఐదు నెలలు జూల్ వెర్న్ ఆ పురంలో చుట్టం కాలేదు, ఇంటివాడయ్యాడు. లోపలి గది ఖాళీ అయ్యేకొద్దీ అది పడకగది అయింది. వ్యోమగాములు అందులో నిద్రపోయారు, అందులోనే తలస్నానాలు కానిచ్చుకున్నారు. తన ఇంజన్లతో నగరాన్ని కిందికి జారకుండా మళ్లీ మళ్లీ పైకెత్తాడు; గోవర్ధనగిరిని ఎత్తినవాడు ఏడురోజులే ఎత్తాడు. ఆగస్టులో ఒక పాత ఉపగ్రహపు తునక దారికడ్డం వస్తుందని కబురందితే, నగరాన్ని పక్కకు జరిపి తప్పించిందీ ఇతడే. తాను కొట్టనివాడే కాదు, కొట్టించుకోనివ్వనివాడు కూడా.

చివరికి ఆ గదినిండా ఊరి చెత్త నింపారు: మాసిన బట్టలు, వాడిన పొట్లాలు, పనికిరాని సామాన్లు. ఆ చెత్తను కవచకుండలాల్లా ధరించి సెప్టెంబరు 5న వీడ్కోలు తీసుకున్నాడు. సెప్టెంబరు 29న దక్షిణ పసిఫిక్ మీదుగా వాతావరణంలోకి దూకి, ఉల్కాపాత సహస్రమై, అగ్నిపుష్ప మాలికయై, ముక్కముక్కగా జ్వలించి ముగిశాడు. ఆ దృశ్యం చూడడానికి శాస్త్రజ్ఞులు రెండు విమానాల్లో వెళ్లారు. ఊరి చెత్త మోసినవాడి దహనానికి ఆకాశయానం చేసి వచ్చిన బంధువులు! ఇంత గౌరవం చాలామంది చక్రవర్తులకు దక్కలేదు.

వంశాభివృద్ధి

అగ్రజుడి తరువాత తమ్ముళ్లు వచ్చారు. 2011లో యోహానెస్ కెప్లర్, 2012లో ఎడొఆర్దో అమాల్ది, 2013లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, 2014లో జార్జ్ లెమెత్ర్. అన్నతో కలిపి ఐదుగురు. ఐదుగురూ అదే గుమ్మానికి వెళ్లారు, అదే మెత్తదనంతో తాకారు, అదే చెత్త మోశారు, అదే మంటలో కలిశారు. పాండవులూ ఐదుగురే; వాళ్ల కథకు పద్ధెనిమిది అక్షౌహిణులు బలి. వీళ్ల కథలో ఒక్క మేకు కూడా వంగలేదు.

ఈ విద్య మన గాలి సోకని విద్యేమీ కాదు. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ60 రెండు చిన్న ఉపగ్రహాలను మోసుకెళ్లింది. ఒక్కోటీ 220 కిలోలు, స్పేడెక్స్ జంట. సరుకు లేదు, నగరం లేదు, ఒకరినొకరు వెతుక్కుని తాకడమే పరీక్ష. 2025 జనవరిలో ముహూర్తం రెండుసార్లు వాయిదా పడింది. జనవరి 12న మూడు మీటర్ల దాకా వచ్చి, తాకకుండా, క్షేమంగా వెనక్కి జరిగాయి. కొందరు పెదవి విరిచారు. పదకొండు మీటర్ల దగ్గర వెనుదిరిగిన వీరుడి కథ తెలిసినవాళ్లు మాత్రం అసలు శుభశకునం అదేనన్నారు. జనవరి 16న రెండూ ఒక్కటయ్యాయి. ఈ విద్య వచ్చిన నాలుగో దేశం మనది.

ఫలశ్రుతి

ఈ సంగ్రామకథను విన్నవారికి, చదివినవారికి, పక్కవారికి చెప్పి విసిగించినవారికి కలుగు ఫలములు ఇవి. పాత గ్యాస్ బండ అయిపోయిన పూటే కొత్త బండ గుమ్మంలో దిగుతుంది. అపార్ట్‌మెంటు సెల్లారులో స్తంభానికి గీత పడకుండా కారు నిలుస్తుంది. కరెంటు పోయిన చీకట్లో తాళంచెవి మొదటిసారే తాళంలో దూరుతుంది. పెళ్లి విందు వరసలో ఎవరి మోచేయీ ఎవరి సాంబారునూ ఒలికించదు. ఎదుటివాడిని గుద్దేంత కోపం వచ్చినప్పుడు, పదకొండు మీటర్ల దూరాన ఒక్క నిమిషం ఆగే బుద్ధి పుడుతుంది. కొట్టగల సత్తా ఉండీ ఆగినవాడిని చూసి పిరికివాడనకుండా, లేచి నిలబడి దారి ఇచ్చే సంస్కారం అబ్బుతుంది.

ఇది సకల సరుకునౌకా కులదీపకుండును, పలాయన విద్యాపారంగతుండును, మేజోడు కౌస్తుభ ప్రదాతయును, పురచెత్తాభరణుండును నగు జూల్ వెర్న్ నామధేయుని చరిత్రంబైన సెకనుకు 7 సెంటీమీటర్ల మహాసంగ్రామం బను కావ్యంబునందు సర్వంబును నేకాశ్వాసము.